ఇంట్లోనే సెలవులు: ఖర్చు తగ్గుతుంది సరే, చాకిరీ తగ్గుతుందా?

కుటుంబమంతా కలిసి ఎక్కడికైనా వెళ్లాలంటే ముందుగా లెక్కేసేది రానుపోను ఛార్జీలు, ఆ తర్వాత బస, ఆపైన బయటి భోజనాలు. ఈ మూడూ కలిస్తే టూర్ బడ్జెట్ దాదాపు ఖాళీ. చూడాలనుకున్న చోటికి టికెట్లు, పిల్లలు ముచ్చటపడి అడిగిన ఆట, అందరూ కలిసి కాసేపు కూర్చున్న సాయంత్రం లాంటివన్నీ మిగిలిన కాస్తలోనే సర్దుకుంటాయి. అంటే డబ్బులో ఎక్కువ భాగం మనుషుల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చి అక్కడ ఉంచడానికే పోతోంది. ఆ భాగం తీసేసి సరదా ఒక్కటే ఉంచుకుంటే పోలా? ఇంట్లోనే సెలవులు గడుపుదామన్న ఆలోచన వెనక ఉన్న లెక్క ఇదే.

లెక్క సరైనదే. అయినా చాలా ఇళ్లలో ఆ సెలవులు రెండో రోజుకో మూడో రోజుకో చప్పబడిపోతాయి. పిల్లలు తలో ఫోనూ పట్టుకుని తలో మూలకి చేరతారు. ఆయన "ఒక్క మెయిల్ చూసి వస్తా" అని ల్యాప్‌టాప్ తెరుస్తాడు. ఆవిడ ఎప్పటిలాగే వంటింట్లో ఉంటుంది, కాకపోతే అందరూ ఇంట్లోనే ఉన్నారు కాబట్టి ఈసారి మూడు పూటలా. చివరికి "దీనికంటే ఆఫీసుకెళ్లడమే నయం" అన్న మాట ఎవరో ఒకరి నోట వస్తుంది.

లోపం ఎక్కడుందంటే, ఛార్జీలకూ బసకూ పెట్టిన డబ్బుతో బిల్లులో కనపడనిది ఒకటి కొనుక్కుంటున్నాం. అది ఇంటి ధ్యాస నుంచి విడుదల. హోటల్ గదిలో ఆరేయని బట్టల బుట్ట ఉండదు, సర్దాల్సిన అలమర ఉండదు, కారుతున్న కుళాయిని బాగుచేయించే బాధ్యత మనది కాదు. ఇంట్లో ఉండిపోయినప్పుడు ఈ విడుదల దానంతటది రాదు. దాన్ని ఎవరో ఒకరు కూర్చుని ఏర్పాటు చేయాలి. డబ్బు మిగిలినచోట ఆ మేరకు ఆలోచన ఖర్చవుతుంది. ఆ ఆలోచన కూడా రోజూ ఇంటిని నడిపే మనిషి నెత్తినే పడితే, అది సెలవు కానే కాదు.

పరిశోధనలు ఏం చూశాయి?

పని తర్వాత మనిషి ఎలా తేరుకుంటాడన్నది కొలవడానికి 2007లో సబీన్ సొన్నెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ అనే మనస్తత్వ పరిశోధకులు ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో చూసేవి నాలుగు: పని ధ్యాస నుంచి మనసు బయటపడిందా, ఒంటికీ మనసుకీ విశ్రాంతి దొరికిందా, కొత్తగా ఏదైనా నేర్చుకున్న తృప్తి ఉందా, తన సమయం తన చేతిలోనే ఉందనిపించిందా. వీటిలో దేనికీ టికెట్ కొనక్కర్లేదు. ప్రయాణం సాయపడేది ముఖ్యంగా మొదటిదానికే.

దూరం వెళ్లినవాళ్లకీ ఇంట్లో ఉన్నవాళ్లకీ తేడా ఎంత అన్నదాన్ని సూటిగా పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. 2018లో వెలువడిన ఆ అధ్యయనంలో 40 మంది మధ్యస్థాయి మేనేజర్లను రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపు నాలుగు రాత్రులు వేరే చోట హోటల్లో గడిపింది, ఇంకోటి అవే నాలుగు రాత్రులు సొంత ఇంట్లోనే గడిపింది. ఒత్తిడి తగ్గడం, అలసట తీరడం రెండు గుంపుల్లోనూ కనిపించాయి. ఆ మేలు కొన్ని వారాల తర్వాత కూడా పూర్తిగా పోలేదు. నలభై మందంటే చిన్న సంఖ్యే. పైగా అది ఉద్యోగుల అలసటను కొలిచిన పరీక్ష, ఆ నాలుగు రోజులూ ఇంట్లో వంట ఎవరు చేశారన్నది దాని ప్రశ్న కాదు. అయినా "ఊరు దాటకపోతే సెలవే కాదు" అన్న నమ్మకాన్ని అది కాస్త కదిలిస్తుంది.

నెదర్లాండ్స్‌లో 1,530 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఇంకో కోణం కనిపిస్తుంది. విహారయాత్రకు వెళ్లబోయేవాళ్లు, వెళ్లనివాళ్లకంటే ముందుగానే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక మాత్రం ఇద్దరి మధ్యా పెద్ద తేడా లేదు. యాత్ర చాలా ప్రశాంతంగా గడిచిందన్నవాళ్లు ఒక్కరే దీనికి మినహాయింపు. ఎదురుచూపులోనే సగం సంబరం ఉందన్నమాట. ఇంట్లో గడిపే సెలవులకు సాధారణంగా లేనిది ఈ ఎదురుచూపే. టూర్ అయితే నెల ముందు నుంచీ మాటలు నడుస్తాయి, బ్యాగులు దిగుతాయి, పిల్లలు రోజులు లెక్కపెడతారు. ఇంట్లోనే అనుకున్నాక తేదీ కూడా సరిగ్గా ఖాయం చేయరు. "శనివారం చూద్దాంలే" అన్న మాట దగ్గరే అది సెలవు కాకుండా పోతుంది. క్యాలెండర్‌లో తేదీలు గీసి, రోజుకొకటి చొప్పున ఏం చేయబోతున్నారో ముందే పిల్లలకు చెబితే ఈ లోటు చాలావరకు తీరుతుంది. పైసా ఖర్చులేని పని ఇది.

అమెరికాలో పూర్తికాలపు ఉద్యోగులతో చేసిన మరో ప్రయోగం కూడా ఇక్కడ పనికొస్తుంది. కొందరికి "ఈ వారాంతాన్ని విహారయాత్ర అనుకుని గడపండి" అని, మిగతావాళ్లకు "మామూలు వారాంతంలాగే గడపండి" అని చెప్పారు. మొదటి గుంపువాళ్లు సోమవారం పనికి తిరిగొచ్చినప్పుడు ఎక్కువ సంతోషంగా కనిపించారు. వాళ్లు ఇంటిపని, ఆఫీసు పని కాస్త తగ్గించుకున్న మాట నిజమే. కానీ అంతకంటే గట్టి కారణంగా పరిశోధకులకు తేలింది, చేస్తున్న పని మీద మనసు పెట్టడం.

చాకిరీ లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇల్లు అందరికీ ఒకేలా కనిపించదు. లాస్ ఏంజిలెస్‌లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే కుటుంబాలను పరిశీలించి 2010లో డార్బీ సాక్స్‌బీ, రెనా రెపెటీ ఒక అధ్యయనం ప్రచురించారు. ఎవరికి వారు తమ ఇంటిని తిప్పి చూపిస్తూ మాట్లాడిన మాటల్ని రికార్డు చేసి, ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోను రోజంతా ఎలా మారుతోందో కొలిచారు. మామూలుగా అది పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతూ రావాలి. ఇల్లంతా చిందరవందరగా ఉందనీ, పనులు ఎక్కడివక్కడే మిగిలిపోయాయనీ వర్ణించిన ఆడవాళ్లలో ఆ తగ్గుదల సరిగ్గా కనిపించలేదు. భర్తల్లో ఈ సంబంధం అంత బలంగా లేదు. ఒకే సోఫా మీద ఒకరికి విశ్రాంతి కనిపిస్తే ఇంకొకరికి ఉతకాల్సిన కవర్లు కనిపిస్తాయి.

దీనికి మామూలుగా దొరికే పరిష్కారం "సెలవుల్లో అందరూ సాయం చేయాలి" అన్నది. మంచి మాటే, కానీ చాలదు. "చెప్తే చేసేవాణ్ణి కదా" అన్న మాట వినని ఇల్లాలు ఉండదు. చెప్పడం కూడా ఒక పనే అన్న సంగతి ఆ మాటలోనే దాగి ఉంది. ఇంటిపనిలో కంటికి కనపడని ఈ భాగాన్ని సామాజిక శాస్త్రవేత్త అలిసన్ డామింజర్ 2019లో నాలుగు ముక్కలుగా విడదీసి చూపించారు. రాబోయే అవసరాన్ని ముందే పసిగట్టడం మొదటిది. దాన్ని తీర్చే దారులు వెతకడం, వాటిలో ఒకటి నిర్ణయించడం ఆ తర్వాతివి. అనుకున్నది జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం చివరిది. మొదటిదీ చివరిదీ ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయని ఆమె గమనించారు. కూరగాయలు తరగడంలో, గిన్నెలు కడగడంలో చేయి వేస్తే తగ్గేది ఒంటి శ్రమే. "రేప్పొద్దున ఏం వండాలి, ఇంట్లో ఏమున్నాయి, చిన్నాడు తింటాడా" అన్నది తలలో తిరుగుతూనే ఉంటుంది.

కాబట్టి సెలవు రోజుల్లో మారాల్సింది అజమాయిషీ. ఒక్కో రోజుకు ఒక్కో మనిషి పూర్తి బాధ్యుడు కావాలి. ఆ రోజు ఏం తినాలి, ఎప్పుడు తినాలి, సరుకులు ఉన్నాయా లేవా, గిన్నెలు ఎవరు కడుగుతారు అన్నవన్నీ ఆ మనిషే చూసుకోవాలి. "అమ్మా, ఉప్పు డబ్బా ఎక్కడుంది?" అన్న ప్రశ్నకు ఆ రోజు అమ్మ జవాబు చెప్పకూడదు. ఇది నవ్వులాటగా అనిపిస్తుంది కానీ పాటించడం చాలా కష్టం, అడిగేవాళ్లకంటే జవాబు చెప్పకుండా ఉండాల్సిన వాళ్లకే ఎక్కువ కష్టం. పదేళ్ల పిల్లాడికి అజమాయిషీ ఇచ్చిన రోజు భోజనం రెండు గంటలు ఆలస్యం కావచ్చు, పొద్దున పెట్టిందే రాత్రికీ పెట్టవచ్చు. కానివ్వండి. టూర్‌లో అయితే ఇలాంటివి నవ్వుతూ సర్దుకుపోతాం, ఇంట్లోనే దానికి తిట్లు పడతాయి.

పనుల్ని తగ్గించడం ఇంకో దారి. ఉతుకుడు, ఇస్త్రీ, అలమరలు సర్దడం లాంటివి సెలవుకు ముందే ముగించాలి, లేదా సెలవు తర్వాత ఫలానా రోజు చేస్తామని కాగితం మీద రాసిపెట్టాలి. ఇలా రాసుకోవడం ఉత్త తంతు కాదు. అసంపూర్తి పని మనసులో గీరుతూ ఉంటుందనీ, దాన్ని ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా ప్లాన్ చేసుకుంటే పని ఇంకా పూర్తికాకపోయినా ఆ గీరుడు తగ్గుతుందనీ 2011లో మాసికాంపో, బామీస్టర్ అనే మనస్తత్వ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. అన్నిటికంటే చెడ్డది, ఎలాగూ ఇంట్లోనే ఉన్నాం కదా అని పాత సామాన్ల గది సర్దడం, గోడలకు రంగులు వేయడం ఈ రోజుల్లోనే పెట్టుకోవడం. అవి చేయాల్సిన పనులే కావచ్చు. వాటిని సెలవు అనడం మాత్రం న్యాయం కాదు.

ఆఫీసు సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఊళ్లోనే ఉన్నారని తెలిస్తే ఫోన్లు ఆగవు. సెలవులో ఉన్నానని మెయిల్‌కి ఆటోమేటిక్ జవాబు పెట్టేయడం మంచిది, ఇంట్లోనే ఉన్నట్టు అందులో రాయకపోవడం ఇంకా మంచిది.

రోజుకొకటి చాలు

ఇంట్లో సెలవుల ప్రణాళిక వేసేటప్పుడు గంటగంటకూ ఒక కార్యక్రమం పెట్టేయాలని ఉబలాటం పుడుతుంది. దాంతో ఇల్లు బడిలా తయారవుతుంది. రోజుకు ఒక్క పెద్ద సంగతి చాలు, మిగతా సమయం ఖాళీగా వదిలేయొచ్చు. పిల్లలకు కాసేపు ఏమీ తోచకపోతే కొంప మునగదు. ఆ ఒక్కటీ మాత్రం ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ జరగనిదై ఉండాలి. ప్రయాణం ఇచ్చే కొత్తదనాన్ని ఇంట్లో తెచ్చుకోవడానికి సులువైన మార్గం ఇదే.

ఉదాహరణకు ఒక గదినే కెమెరాగా మార్చేయొచ్చు. బయట ఎండ బాగా కాస్తున్న రోజు, చెట్లో ఇళ్లో కనిపించే కిటికీ ఉన్న గదిని ఎంచుకోవాలి. నల్ల కాగితం లేదా దళసరి అట్టతో కిటికీ మొత్తం మూసేసి, సందుల్లోంచి వెలుగు రాకుండా టేప్ అంటించాలి. మధ్యలో చిన్న నాణెం అంత కన్నం చేసి లైట్లు ఆర్పేస్తే మొదట ఏమీ కనపడదు. కళ్లు చీకటికి అలవాటు పడే కొద్దీ ఎదుటి గోడ మీద బయటి దృశ్యం రంగులతో సహా తేలుతుంది, తలకిందులుగా. ఆకాశం కింద, నేల పైన, కుడివైపువి ఎడమవైపున. ఎవరినైనా బయటికి పంపి ఎండలో గెంతమంటే గోడ మీద మనిషి తలకిందులుగా గెంతుతూ కనిపిస్తాడు. వెలుగు తిన్నగా ప్రయాణిస్తుంది కాబట్టి, పైనుంచి వచ్చిన కిరణం కన్నంలోంచి దూరి గోడ కిందికీ, కిందనుంచి వచ్చింది పైకీ చేరుతుంది. దాదాపు 1,000 ఏళ్ల కిందట అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైతమ్ ఈ రకం ప్రయోగాలతోనే వెలుగు నడతను పరిశీలించాడు.

అక్కడితో ఆగనక్కర్లేదు. కన్నం చిన్నదైతే బొమ్మ స్పష్టంగా ఉంటుంది కానీ వెలుతురు తక్కువగా ఉంటుంది, పెద్దదైతే వెలుతురు పెరిగి అంచులు అలుక్కుపోతాయి. ఎంత కన్నం సరైనదో పిల్లలే తేల్చుకోవాలి. ఇంట్లో చత్వారపు కళ్లద్దాలుంటే ఒక అద్దాన్ని కన్నానికి అడ్డంగా పట్టి, తెల్లకాగితాన్ని ముందుకీ వెనక్కీ జరిపితే ఒకచోట బొమ్మ ఒక్కసారిగా తేటపడుతుంది. +1 పవర్ అద్దానికి అది సుమారు 1 మీటరు దూరంలో, +2కి అర మీటరు దూరంలో. తాతగారి కళ్లద్దాల పవర్ ఎంతో టేపు పెట్టి కొలిచి చెప్పొచ్చు. ఒక్క జాగ్రత్త: కన్నంలోంచి గానీ అద్దంలోంచి గానీ ఎవరూ సూర్యుణ్ణి చూడకూడదు.

రాత్రికి మేడ ఉంటే మేడ, లేకపోతే ఆకాశం కనిపించే ఏ జాగా అయినా సరే. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఈలోగా ఎవరో ఒకరు ఫోన్ తీసి చూసుకున్నారా, మళ్లీ మొదటికొస్తుంది. ఫోన్లు కింద వదిలి రావడానికి పిల్లలకు ఇంతకంటే గట్టి కారణం చెప్పలేం. మామూలు బైనాక్యులర్స్ ఎవరినైనా అడిగి తెచ్చుకుంటే, కదలకుండా ఆనించి పట్టుకుని చూసినప్పుడు గురుగ్రహం పక్కన చుక్కల్లా దాని పెద్ద ఉపగ్రహాలు కనిపిస్తాయి. 1610లో గెలీలియో చూసినవి అవే. చంద్రుడి మీది గుంటలు పున్నమి నాడు కాకుండా సగం చంద్రుడున్న రోజుల్లో బాగా తేలుతాయి, వెలుగునీడల సరిహద్దు దగ్గర. తేదీలు కుదిరితే ఆగస్టు 12, 13 ప్రాంతంలో పెర్సీడ్స్, డిసెంబరు 13, 14 ప్రాంతంలో జెమినిడ్స్ ఉల్కలు రాలతాయి.

వయసొచ్చిన పిల్లల దగ్గర ఈ ఉత్సాహం పనిచేయకపోవచ్చు. వాళ్లకు ఒక రోజు మొత్తం అప్పగించి, ఇంట్లో అందరూ ఆ రోజు వాళ్లు చెప్పినట్టు నడుచుకోవడం కొంత నయం.

డబ్బు ఎక్కడ జారిపోతుంది?

చవగ్గా గడుపుదామని ఇంట్లో ఉండి, తీరా చూస్తే బాగానే ఖర్చయిన సెలవులూ ఉంటాయి. టూర్ ఖర్చు ముందే కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్త పడతాం. ఇంట్లో ఖర్చు చిల్లర చిల్లరగా పోతుంది: విసుగు పుట్టి పెట్టిన ఆర్డర్లు, "టూర్ డబ్బులు మిగిలాయిగా" అని కొన్న వస్తువులు, ఒక్క సినిమా కోసం చేరి మళ్లీ రద్దు చేయడం మరిచిపోయిన సబ్‌స్క్రిప్షన్. అనుకున్న మొత్తాన్ని నోట్ల రూపంలో ఒక కవర్లో పెట్టి ఇంట్లో అందరికీ తెలిసేలా ఉంచితే ఈ జారుడుకు కొంత అడ్డుకట్ట పడుతుంది. ఆ మొత్తంలోంచి పెట్టదగ్గ ఖర్చు ఒకటుంది. వంటగానీ ఇల్లు శుభ్రం చేయడంగానీ ఒకటి రెండు రోజులు డబ్బిచ్చి చేయించుకోవడం. మిగిలిన ఛార్జీలతో పోలిస్తే అదెంత? సెలవు దొరకని మనిషికి సెలవు కొనిపెట్టే ఖర్చు అది.

మిగిలిన డబ్బు ఎందుకు మిగులుస్తున్నామన్నది పిల్లలకు చెప్పి చేయడం కూడా అవసరం. చెప్పకపోతే వాళ్లకు అర్థమయ్యేది "ఈ ఏడు మనల్ని ఎక్కడికీ తీసుకెళ్లలేదు" అని మాత్రమే.

చివరి రోజు విషయంలో చాలామంది ఏమరుపాటుగా ఉంటారు. అనుభవం ఎంతసేపు సాగిందన్నది జ్ఞాపకంలో పెద్దగా లెక్కకు రాదనీ, దాని శిఖరం, ముగింపు మాత్రమే గట్టిగా నిలుస్తాయనీ మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 1993లో ఒక ప్రయోగంతో చూపించారు. అందులో పాల్గొన్నవాళ్లు రెండు పనులు చేశారు: చల్లటి నీళ్లలో 60 సెకన్లు చేయి పెట్టడం ఒకటి. అదే చల్లటి నీళ్లలో 60 సెకన్లు, ఆపైన నీళ్లు కొంచెం వేడెక్కుతుండగా మరో 30 సెకన్లు పెట్టడం ఇంకొకటి. మళ్లీ చేయాల్సి వస్తే ఏది ఎంచుకుంటారంటే ఎక్కువమంది రెండోదాన్నే కోరుకున్నారు, బాధ ఎక్కువసేపు ఉన్నా సరే. ఇంట్లో గడిపే సెలవుల చివరి రోజు ఎలా పోతుందో తెలిసిందే: యూనిఫాంలు, హోంవర్కులు, వారానికి సరిపడా సరుకులు, రేపటి టెన్షన్. ఆ హడావుడినంతా ఒక రోజు ముందుకు జరిపి, చివరి రోజుకు అందరికీ ఇష్టమైనది దాచి ఉంచడం తెలివైన పని.

ఎవరికి కుదరదు?

ఈ పద్ధతి అందరికీ నప్పుతుందని చెప్పడం సరికాదు. మంచాన పడ్డవాళ్లనో పసిబిడ్డనో చూసుకునే మనిషికి ఇంట్లో సెలవు అన్న మాటకు అర్థమే లేదు. ఇరుకు గదుల్లో ఎక్కువమంది ఉండేచోట, ఇంటి నుంచే ఉద్యోగం చేసేవాళ్లకు, ఇంట్లో రోజూ గొడవలు నడిచేచోట కూడా ఇల్లు విడిచి కొంచెం దూరమైనా వెళ్లి రావడమే మేలు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొస్తే బస ఖర్చు ఉండదు. కొత్త ఊరు, కొత్త మనుషులు, తెలియని భాష మధ్య పిల్లలు నేర్చుకునేది ఇంట్లో నేర్పడం కుదరదన్నదీ ఒప్పుకోవాల్సిందే.

డబ్బు పెట్టకుండా ఇంటి ధ్యాస నుంచి నిజంగా బయటపడాలంటే ఇంకో ఉపాయం ఉంది, ఎందుకో దీన్ని తక్కువమంది వాడతారు. బాగా తెలిసిన చుట్టాలతోనో స్నేహితులతోనో రెండు మూడు రోజులకు ఇళ్లు మార్చుకోవడం. ఒకే ఊళ్లో నాలుగు వీధుల అవతల ఇల్లయినా పిల్లలకు అది కొత్త చోటే, కొత్త బొమ్మలే, కొత్త పుస్తకాలే. పెద్దవాళ్లకైతే ఆ ఇంట్లో సర్దాల్సిన అలమర తమది కాదు. ఎదుటివాళ్లు వచ్చేముందు ఫ్రిజ్ ఖాళీ చేసి, దుప్పట్లు మార్చి, గ్యాస్ ఎక్కడ కట్టాలో, నీళ్ల మోటారు ఎప్పుడు వేయాలో, వైఫై పాస్‌వర్డ్ ఏమిటో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తే సరిపోతుంది. ఏదైనా పగిలితే ఎవరు భరించాలన్నది మాత్రం తాళాలు మార్చుకునే ముందే మాట్లాడేసుకోవాలి, మొహమాటపడితే తర్వాత చుట్టరికానికే చేటు.